తలంబ్రాలు పోసే చేతులు

ఆదివారం, తెనాలి. రాత్రి పదకొండు కావస్తోంది.

పొద్దున ఎనిమిదింటికి తెరిచిన ల్యాప్‌టాప్ ఇప్పుడు మూశాను. అమ్మానాన్నల పెళ్ళి క్యాసెట్ పని. 1992 నాటి వీహెచ్ఎస్, మూడు గంటలది. బీరువాలో పట్టుచీరల కింద ఇన్నేళ్ళుండి కూడా బూజు పట్టకుండా మిగలడం మా అదృష్టం. పోయిన నెలలో దాన్ని ఫైలుగా మార్పించి తెచ్చుకున్నాను, అప్పట్నుంచీ రాత్రిళ్ళు కూర్చుని నలభై నిమిషాలకి కుదిస్తున్నాను, వచ్చే నెల మావయ్య వాళ్ళు వచ్చినప్పుడు అందరం కలిసి హాల్లో చూడాలని.

చూడబోయేది హాల్లో పెద్ద టీవీలో. నేను చూసుకుంటున్నదేమో ల్యాప్‌టాప్‌లో, అదీ ఓ పక్కన అరచేయంత బొమ్మలో. చెల్లి సీమంతం వీడియోకైతే ప్రతిసారీ ఎక్స్‌పోర్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, టీవీకి పెట్టి చూసేదాన్ని. ఒక్క పేరులో దీర్ఘం తప్పితే మళ్ళీ గంట. ఓసారి ఫైలు 4 జీబీ దాటితే పెన్‌డ్రైవ్ అసలు తీసుకోలేదు, ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్నదానికి అంతకు మించిన ఒక్క ఫైలు పట్టదు. ఈసారి ఆ తిప్పలు వద్దని ల్యాప్‌టాప్‌ని నేరుగా టీవీకి కలిపే అయిదు మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ కొనుక్కొచ్చాను. వైఫై మీద కాస్ట్ చేయొచ్చు గానీ, బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి పట్టే ఆ కాస్త ఆలస్యంతో కట్ ఎక్కడ పడాలో తేల్చుకోవడం నా వల్ల కాదు.

నేను ఎడిటింగ్ చేసే సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో ప్లేబ్యాక్ సెట్టింగుల్లోకి వెళ్ళి, బొమ్మని వేరే తెరకి పంపే మెర్క్యురీ ట్రాన్స్‌మిట్ ఆన్ చేసి, రెండో తెరకి టిక్ పెడితే చాలు, టైమ్‌లైన్ నా ఒళ్ళో ఉంటుంది, పెళ్ళి మాత్రం టీవీ నిండా. దానికి ముందు విండోస్‌లో డిస్‌ప్లేని డూప్లికేట్ కాకుండా ఎక్స్‌టెండ్‌లో పెట్టుకోవాలి. మొదట సౌండ్ ల్యాప్‌టాప్ నుంచే వస్తోంది, సన్నాయి ఆయన బుగ్గలు ఉబ్బేలోపే పాట వినపడుతోంది. టీవీ బొమ్మని లోపల సవరించుకుని చూపించేసరికి కాస్త వెనకబడుతుంది కదా. సౌండ్ కూడా హెచ్‌డీఎంఐలోనే పంపితే రెండూ కలిశాయి.

ఇక బొమ్మ. అమ్మ ఎర్ర చీర మంట పెట్టినట్టుంది, నాన్న మొహం నారింజ రంగు. టీవీ రంగుల్ని పెంచి చూపించే వివిడ్ మోడ్‌లో ఉంది. దాన్ని చూసి నేను రంగులు తగ్గించి ఉంటే అసలు వీడియో పాలిపోయేది. సినిమా మోడ్‌కి మార్చి, కదలికని నున్నగా చేసే ఆప్షన్ ఆపేశాను. అయినా నలుపులు మూసుకుపోయి నాన్న జుట్టు ఒకే ముద్దలా ఉంది. నలుపు నుంచి తెలుపు దాకా ల్యాప్‌టాప్ 0 నుంచి 255 అంకెల్లో పంపుతుంటే టీవీ 16 నుంచి 235 వస్తుందనుకుంటోంది. హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ మార్చగానే పాపిడి కనపడింది! వెనక నిలబడ్డ అత్త చీర అంచు కూడా.

కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా చిన్న కుదుపు ఉండేది, అదీ తేలింది. మన దగ్గర వాడిన పాల్ (PAL) అనే వీడియో పద్ధతి క్యాసెట్లో సెకనుకి 25 ఫ్రేములు, ల్యాప్‌టాప్ టీవీకి పంపేది 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు. కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు చూపిస్తే తప్ప లెక్క సరిపోదు. 50కి మార్చాను, ప్రతి ఫ్రేమూ రెండుసార్లు, కుదుపు పోయింది. వడ్డన దగ్గర మాత్రం గరిటె తిప్పే చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు. ప్రివ్యూ సగం రిజల్యూషన్లో పెట్టుకోవడంతో ల్యాప్‌టాప్‌లో ఇన్ని రోజులూ నాకు కనపడలేదు. ఒక్కో ఫ్రేము గీత విడిచి గీతగా రెండు సగం బొమ్మల (ఫీల్డ్‌ల) అల్లిక, ఫైలు ఆ సంగతి ప్రీమియర్‌కి చెప్పడం లేదు. ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో ఏ సగం ముందో చెప్పే చోట అప్పర్ ఫీల్డ్ ఫస్ట్ అని పెడితే నా ఫైలుకి కుదిరింది. ఇది తిరగేసి పెడితే మనుషులు ముందుకీ వెనక్కీ వణుకుతారు, అదీ చూశాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మానాన్నలని కూర్చోబెట్టాను. బుట్టలో అమ్మని మోసుకొస్తుంటే మావయ్య ఎంత సన్నగా ఉండేవాడో అని నాన్న నవ్వాడు. వీడియో లైటు మొహాన పడి అందరూ కళ్ళు చిట్లించుకుంటున్నారు, ఆ లైటు తగలని చోటంతా చీకటి. తలంబ్రాల దాకా బాగానే నడిచింది. అక్కడ అమ్మ లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది.

"ఇదేంటే, చేతుల్లేవు?"

వెనక్కి జరిపాను. నిజమే. నాన్న తల మీద బియ్యం పడుతున్నాయి, పోసే చేతులు కనపడటం లేదు. అమ్మ బాసికం సగానికి తెగింది.

వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి చూస్తే పాత బొమ్మ 4:3, టీవీ 16:9. పక్కన నల్ల పట్టీలు బాగుండవని నేను మొదటి రోజే బొమ్మని పెంచి తెర నింపేశాను. అలా నింపితే ఎత్తులో పావు వంతు పోతుంది, బొమ్మలోని 576 అడ్డగీతల్లో 144. పైన 72, కింద 72. దానికి తోడు టీవీ ఓవర్‌స్కాన్‌తో నాలుగు అంచులూ ఇంకాస్త మింగేస్తోంది, నేను కింద వేసిన "అమ్మమ్మ, తాతయ్య" అక్షరాల ఒత్తులు కూడా అందులోనే పోయాయి. ఓవర్‌స్కాన్ ఆపాను. పేర్లని అంచు నుంచి పదోవంతు లోపలికి జరిపాను, మావయ్య వాళ్ళింట్లో టీవీ ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు. ఆ తర్వాత మొత్తం టైమ్‌లైన్‌లో స్కేల్ తగ్గించి పూర్తి బొమ్మ తెచ్చాను.

"పక్కన ఆ నలుపు ఎందుకమ్మా, టీవీ నిండా ఉంటేనే బాగుంది" అని నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. ఆ కెమెరామన్ చేతుల్ని, బియ్యాన్ని, బాసికాన్ని అన్నిటినీ ఆ చట్రంలో పట్టేలా నిలబడి తీశాడు, అందులో పావు వంతు కోసేయడానికి నాకు హక్కు లేదు. పట్టీలు ఉంటాయి. ఇదే వీడియోలో గిర్రున తిరిగే తామరపువ్వులో అమ్మ మొహం వచ్చే ఎఫెక్ట్ కూడా ఉంచుతున్నాను, అది ఆ కాలపు పెళ్ళి వీడియోకి సంతకం లాంటిది.

చేతులు తిరిగొచ్చాక తలంబ్రాలు పదకొండు సెకన్లే అని తెలిసింది. ల్యాప్‌టాప్‌లో అది చాలా పొడుగనిపించి నేనే కత్తిరించాను. ఆరడుగుల దూరంలో కూర్చుని చూస్తే అమ్మ చేతులు చూడాలి, నాన్న నవ్వు చూడాలి, వెనక పిన్ని ఎవరినో తోస్తోంది అదీ చూడాలి, ఇంతలోనే షాటు మారిపోతోంది. ఇప్పుడు ముప్పై నాలుగు సెకన్లు. పాత టేపులో ఉన్నదంతా వేశాను.

అప్పగింతల దగ్గర హమ్, అంటే గుయ్‌మనే మోత, ఉంది, టీవీ స్పీకర్లలోనే బయటపడింది. అమ్మమ్మ మాట్లాడుతోందని తెలుస్తోంది గానీ ఏమంటోందో వినపడటం లేదు. 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు దగ్గర తగ్గించి చూడాలి. అది తేలందే హైదరాబాద్ వెళ్ళనని చెప్పాను, మధ్యాహ్నం బండికి మార్చుకున్నాను.

కేబుల్ తీయలేదు. నాన్న రాత్రి నీళ్ళకి లేస్తే కాలికి తగులుతుందని దాని మీద చాప పరిచాను.