ఊరు లేని చర్చి

ఆదివారం. పొద్దున వాన తగ్గాక ఇంగ్లండులో డెర్బీ దగ్గరున్న కెడిల్‌స్టన్ హాల్‌కి వెళ్ళాం. 1760ల్లో సర్ నథానియల్ కర్జన్ కట్టించుకున్న భవనం. లోపల పనితనమంతా వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్‌ది. హాల్లోకి అడుగుపెట్టగానే 20 అలబాస్టర్ రాతి స్తంభాలు, ఒక్కొక్కటీ 25 అడుగుల ఎత్తు. కాసేపు తల దించబుద్ధి కాలేదు.

కలకత్తా రాజభవనానికి ఈ ఇల్లే నమూనా. ఇక్కడ మధ్య భవనానికి నాలుగు పక్క భవనాలు అనుకుని రెండే కట్టారు, అక్కడ నాలుగూ కట్టారు. ఈ ఇంట్లోనే పుట్టిన లార్డ్ కర్జన్ వైస్రాయిగా అందులో కాపురమున్నాడు. మనదేశం నుంచి తెచ్చుకున్న వస్తువులకు కింద ఒక మ్యూజియమే ఉంది. 1903 ఢిల్లీ దర్బారులో ఆయన భార్య మేరీ వేసుకున్న నెమలి గౌను కూడా ఈ ఇంటిదే. ఢిల్లీ పనివాళ్ళ జరీ పని, ఈకల కళ్ళలో మెరిసేవి పురుగుల రెక్కలు. ఎన్ని వేళ్ళు నొప్పెట్టి ఉంటాయో!

కానీ నన్ను కదలనివ్వనిది భవనాన్ని ఆనుకుని ఉన్న పాత చర్చి. ఒకప్పుడు దాని చుట్టూ కెడిల్‌స్టన్ ఊరు ఉండేది. కొత్త ఇంటికి చూపు అడ్డం లేకుండా పార్కు కావాలని ఊరిని ఊరుగా అవతలికి తరలించారు. రోడ్డునీ జరిపారు. ఇప్పుడక్కడ పచ్చిక, గొర్రెలు.

మా అమ్మమ్మవాళ్ళ ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. ఫలానా చోట మా ఇల్లుండేది, ఫలానా చోట బావి అని ఆవిడ చెబుతుంటే వింటూ పెరిగాను. అందుకే ఆ పచ్చికను ఉత్త పచ్చికగా చూడలేకపోయాను. అక్కడ నీళ్ళ కోసం, కరెంటు కోసం ఊళ్ళు లేపారు. ఇక్కడ కిటికీలోంచి కనిపించే అందం కోసం లేపారు. ఇది నాకు మింగుడుపడలేదు.

"మరి చర్చిని ఎందుకు వదిలేశారు?" అని మా అమ్మాయి అడిగింది. లోపలికి తీసుకెళ్ళి చూపించాను. తరతరాల కర్జన్ల సమాధులు అందులోనే ఉన్నాయి. మేరీ, వైస్రాయి కూడా అక్కడే. వాళ్ళ పెద్దలను ఎవరూ కదపలేదు, ఊరివాళ్ళ ఇళ్ళనే కదిపారు అని చెప్పాను. 1987 నుంచి ఈ ఇల్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతిలో ఉంది. వాళ్ళు స్తంభాల గురించి చెప్పినంత ఇష్టంగా ఆ ఊరివాళ్ళ ఇళ్ళ గురించి కూడా చెప్పాలి. రాత్రికి అమ్మకు ఫోన్ చేసి అమ్మమ్మవాళ్ళ వీధి పేర్లన్నీ రాయించుకున్నాను.