పట్టిక మూసేసి ఫేజ్ బొమ్మ గీశాను

నీట్‌కి రెండోసారి చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. మొదటి ఏడాది వైరస్‌లకూ బ్యాక్టీరియాకూ తేడాల పట్టికను బట్టీ పట్టాను. పరీక్ష దగ్గరపడ్డాక ఏది ఎటువైపుదో కలిసిపోయి టెన్షన్. మాక్ టెస్టులో హెర్షే–చేజ్ ప్రయోగం (వైరస్‌లో ఏ భాగం బ్యాక్టీరియా లోపలికి పోతుందో చూపినది) అడిగితే, సల్ఫర్ బ్యాక్టీరియా లోపల దొరుకుతుందని పెట్టాను. నాలుగు మార్కులు పోయాయి, పైగా మైనస్ ఒకటి.

రెండో ఏడు ద్వారకానగర్ లైబ్రరీలో కూర్చుని, తెల్లకాగితం మీద పెన్సిల్‌తో టీ4 ఫేజ్ గీశాను. ఫేజ్ అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్. పలకలు తీరిన తల, అందులో కుక్కినట్టున్న డీఎన్ఏ, కింద తోక, దాని చివర ఆరు పొడవాటి పోగులు. ఆ పోగులు ఈ.కోలై అనే బ్యాక్టీరియా పైపొర మీద తమకు సరిపడే అణువు దొరికితేనే అతుక్కుంటాయి. అందుకే ఒకే ఫేజ్ అన్ని బ్యాక్టీరియాలకూ సోకదు. తర్వాత తోక తొడుగు ముడుచుకుని, లోపలి గొట్టం కణకవచంలోకి దిగుతుంది. డీఎన్ఏ లోపలికి పోతుంది, ప్రోటీన్ కవచం బయటే ఉండిపోతుంది.

ఇక్కడ కాసేపు ఆగండి. 1952లో హెర్షే, చేజ్ టీ2 ఫేజ్‌తో పట్టుకున్నది ఈ క్షణాన్నే. ప్రోటీన్‌కి రేడియోధార్మిక సల్ఫర్-35, డీఎన్ఏకి రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 గుర్తుగా పెట్టారు. బ్లెండర్‌లో తిప్పితే, మన మిక్సీలాగే, బయట అతుక్కున్న తొడుగులు ఊడిపోయాయి. సెంట్రిఫ్యూజ్ చేశాక (గొట్టాన్ని గిర్రున తిప్పి బరువైనవి అడుక్కి దింపాక) బ్యాక్టీరియాతో అడుక్కి దిగింది ఎక్కువగా ఫాస్ఫరస్. అంటే లోపలికి పోయింది డీఎన్ఏ. బొమ్మ గీశాక ఈ ప్రశ్నకి నేను మళ్లీ తప్పు రాయలేదు.

తేడాలూ ఇందులోంచే వచ్చేస్తాయి. ఫేజ్‌కి ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు లేవు కాబట్టి బ్యాక్టీరియా 70ఎస్ రైబోసోములతోనే తన ప్రోటీన్లు చేయించుకుంటుంది. అరగంటలోపే వందకు పైగా కొత్త ఫేజ్‌లు తయారై, లైసోజైమ్ అనే ఎంజైమ్‌తో కణకవచాన్ని పగలగొట్టుకుని బయటపడతాయి. ఇది లైటిక్ చక్రం. పెన్సిలిన్ దెబ్బకొట్టేది బ్యాక్టీరియా కణకవచం తయారీని. వైరస్‌కి ఉండేది ప్రోటీన్ తొడుగే, ఆ కణకవచం లేదు. జలుబు చేయగానే యాంటీబయాటిక్ తెమ్మనే మా అమ్మకి కూడా ఇలాగే చెప్పాను, ఒప్పుకుంది.

లాంబ్డా ఫేజ్ మాత్రం వెంటనే చంపకుండా బ్యాక్టీరియా డీఎన్ఏలో కలిసిపోయి, దానితో పాటే తరాలు దాటగలదు. దీన్ని లైసోజెనీ అంటారు. డిఫ్తీరియా విషం జన్యువు ఆ బ్యాక్టీరియాకి వచ్చింది ఇలాంటి ఫేజ్ నుంచే. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత నచ్చింది.

అంకెలు గోడకి అంటించుకోండి: ఫై ఎక్స్ 174 అనే మరో ఫేజ్‌కి 5386 న్యూక్లియోటైడ్లు (డీఎన్ఏ గొలుసులోని ముక్కలు), లాంబ్డాకి 48502 బేస్ జతలు, ఈ.కోలైకి దాదాపు 46 లక్షల జతలు. మొదటిది ఒంటిపోగు డీఎన్ఏ, అందుకే అక్కడ ‘జతలు’ అనరు. ఆప్షన్లలో ఆ ఒక్క మాట మార్చి ఇస్తే చూసుకోండి.