జార్జియా ఎర్రమట్టి మీద పల్లెటూరి ఇల్లు: వసారా నుంచి పోపు పొగ దాకా నా అనుభవం

అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో స్థలం కొని, అమెరికా దక్షిణాది పల్లె ఇంటి తరహాలో మేమే ఇల్లు డిజైన్ చేయించుకుని కట్టించుకున్నాం. 'రస్టిక్' అనగానే అందరం ముందు ఫొటోలు వెతుకుతాం: లావుపాటి దూలాలు, తెల్లటి చెక్క గోడలు, రాతి ఫైర్‌ప్లేస్. ఆ ఫొటోల్లో కనపడనిది తేమ. ఇక్కడి వేసవి ఉక్కపోతలో మన కోస్తాకేమీ తీసిపోదు. ఏసీలు లేని రోజుల్లో ఇక్కడివాళ్ళు నేల ఎత్తుగా వేసి, కప్పు పైకి లేపి, చుట్టూ వసారా కట్టింది గాలి ఆడాలని, వాన గోడకి తగలకూడదని. రెండు గదుల మధ్య ఆరుబయట నడవా వదిలి, మొత్తానికి ఒకే కప్పు వేసే డాగ్‌ట్రాట్ ఇల్లు కూడా అలా పుట్టినదే. మండువా లోగిలి చూసినవాళ్ళకి ఇదంతా కొత్త కాదు.

మొదటి ప్లాన్‌లో వసారా వెడల్పు 6 అడుగులు. కుర్చీ వేసుకుని కాళ్ళు చాపితే పక్కనుంచి మనిషి పోయే దారి ఉండదు. ముందువైపు 10, పక్కవైపు 8 అడుగులకి మార్పించాం. వసారా నేలకి అడుగుకి పావు అంగుళం చొప్పున బయటికి వాలు పెట్టాలి. పలకలు ఇంటి గోడకి అడ్డంగా, వాలు పోయే దిక్కునే పరవాలి. గోడ వెంబడి పొడుగ్గా పరిస్తే ప్రతి అతుకు దగ్గరా నీరు నిలిచి, రెండు మూడేళ్ళలో రంగు లేచిపోతుంది. పలకలు కోసిన చివర్లకి కూడా ప్రైమర్ వేయించండి, చెక్క నీరు ఎక్కువగా పీల్చేది అక్కడే. స్తంభాల అడుగు నేరుగా కాంక్రీటుకి ఆనకుండా అంగుళం ఎత్తున నిలబెట్టే లోహపు పాదాలు దొరుకుతాయి. పునాది దశలోనే వాటి సంగతి చెప్పాలి.

నేల కింద ఖాళీ వదిలే క్రాల్ స్పేస్ విషయంలో పొదుపు చేయకండి. పాత పద్ధతిలో దానికి చుట్టూ గాలి కన్నాలు పెడతారు. వేసవిలో ఆ కన్నాల్లోంచి వచ్చే వేడి తేమగాలి, పైన ఏసీతో చల్లబడిన నేల అడుగుకి తగిలి నీరుగా మారుతుంది. దాంతో పలకల అంచులు లేచి, ప్రతి పలకా దొప్పలా వంగుతుంది. మేం కన్నాలు మూసి, మట్టి మీద 15 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం పాలిథిన్ షీటు పరిపించి, అతుకులు టేపుతో మూయించి, లోపల తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్ పెట్టించాం. షీటు గోడ పైకి ఎక్కించినప్పుడు పైన 3 అంగుళాలు ఖాళీ వదలాలి. చెదలు పాకే మట్టి గొట్టాలు కనపడేది ఆ పట్టీలోనే. చెదల మందు పునాది పోయకముందే కొట్టించాలి, బయటి చెక్క తాపడం నేలకి కనీసం 6 అంగుళాల ఎత్తున ఆగిపోవాలి.

బయటి గోడలకి బోర్డ్ అండ్ బ్యాటెన్, అంటే నిలువు పలకలు, వాటి సందుల మీద సన్నటి బద్దలు. మాది సైప్రస్ చెక్క. పలకల మధ్య అర అంగుళం సందు వదిలి, బద్ద మేకు ఆ సందులోంచే దిగేలా కొట్టాలి. బద్దని రెండు పక్కల పలకలకీ కలిపి బిగిస్తే, తేమకి చెక్క ఉబ్బినప్పుడు మధ్యలో చీలుతుంది. పలకలు బిగించడానికి వెనక అడ్డపట్టీలు కావాలి. అవే నేరుగా గోడకి కొడితే లోపలికి దిగిన నీరు వాటి మీదే కూర్చుంటుంది. అందుకని ముందు నిలువు పట్టీలు, వాటి మీద అడ్డపట్టీలు కొట్టించాం. కూలీ పెరిగింది, నాకు బాధ లేదు. పైకప్పు సంగతి ఒక్క మాటలో: స్క్రూలు పైకి కనిపించే రేకు చవకే కానీ, వాటి రబ్బరు వాషర్లు ఎండకి పాడై కారుతుంది. స్క్రూలు దాగే స్టాండింగ్ సీమ్ తీసుకోండి.

లోపలి నేలకి హార్ట్ పైన్. లాంగ్‌లీఫ్ అనే పైన్ జాతి చెట్టు నడిమి చేవ అది. ఆ పాత అడవులు దాదాపు అంతరించాయి కాబట్టి, ఇప్పుడు దొరికేది ఎక్కువగా పడగొట్టిన పాత మిల్లులు, గోదాముల దూలాల్లోంచి కోసిన చెక్క. మేకు రంధ్రాలు, పగుళ్ళు పోగా తరుగు ఉంటుంది, 15 శాతం అదనంగా కొన్నాం. మా సరుకు ఏసీ నడవకముందే సైటుకి వచ్చేసింది. మీటరు పెట్టి చూస్తే చెక్కలో తేమకీ, కింది ప్లైవుడ్‌లో తేమకీ తేడా 5 శాతం. 3 అంగుళాలు దాటిన పలకకి ఆ తేడా 2 శాతం లోపే ఉండాలి. ఏసీ నడిపించి, మూడు వారాలు ఆగి, మళ్ళీ కొలిచాకే పరిపించాం. షెడ్యూల్ పోతుందని బిల్డర్ తొందరపెడతాడు, వినకండి.

కాంట్రాక్టులో 'అలవెన్స్' (ఇంకా ఎంచుకోని వస్తువుకి అంచనాగా వేసే మొత్తం, దాటితే తేడా మనదే) అని రాసిన ప్రతి పంక్తినీ అనుమానించాలి. లైట్లకి, సింకుకి, రాతిపనికి బిల్డర్ వేసే మొత్తాలు మామూలు ఇంటి లెక్కలు. సంతకానికి ముందే దుకాణానికి వెళ్ళి నచ్చినదాని ధర తెచ్చి రాయించాం. ఫైర్‌క్లే సింకు కొలతలు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి కాబట్టి, అది ఇంటికి చేరాకే కౌంటర్ రాయి కోయించాలి. బరువు కూడా ఎక్కువే, కింద బీరువాకి అదనపు ఆసరా అడగండి.

మనవాళ్ళకి అసలు చిక్కు వంటింట్లో. ఈ ఇళ్ళల్లో అందరూ వేయించే షిప్‌లాప్, అంటే పలకల మధ్య సన్నటి గాడి కనపడే చెక్క గోడ, పొయ్యి దగ్గర మనకి పనికిరాదు. పోపు జిడ్డు ఆ గాడుల్లో పేరుకుంటే బ్రష్‌తో కూడా వదలదు. పొయ్యి వెనక నున్నటి టైల్, షిప్‌లాప్ భోజనాల గదికి. మిరపకాయల ఘాటు కోసం నిమిషానికి 900 ఘనపుటడుగుల (సీఎఫ్ఎం) గాలి లాగే హుడ్ పొయ్యి పైన పెట్టాలనుకున్నాం. అయితే హాల్లో కట్టెల ఫైర్‌ప్లేస్ ఉంది. బిగుతుగా కట్టిన ఇంట్లో అంత హుడ్ వేస్తే, బయటి గాలి పొగగొట్టంలోంచే లోపలికి దూసుకొస్తుంది, పొగంతా హాల్లోకే. హుడ్ 400 సీఎఫ్ఎం దాటితే ఇలాంటి ఇంటికి, హుడ్‌తోపాటే తెరుచుకుని గాలి అందించే మేకప్ ఎయిర్ ఏర్పాటు బిల్డింగ్ కోడ్ ప్రకారం ఉండాలి. హుడ్ గాలి బయటికి పోయే డక్ట్ దారి, గోడల చట్రం నిలబెట్టే ఫ్రేమింగ్‌కి ముందే తేలాలి, తర్వాత అడిగితే గోడ పగలగొట్టడమే. ఇక హాల్లో ఫైర్‌ప్లేస్ నోటి చుట్టూ 6 అంగుళాల లోపు చెక్క ఉండకూడదు. 12 అంగుళాల లోపు ఉంటే, దూరంలో ప్రతి అంగుళానికి అంగుళంలో ఎనిమిదో వంతు మాత్రమే ముందుకి రావచ్చు. మేం ముచ్చటపడి కొన్న పాత దూలాన్ని మాంటెల్‌గా, అంటే ఫైర్‌ప్లేస్ మీది అరగా పెట్టబోయి, ఇంకా పైకి జరపాల్సి వచ్చింది.

హాలు కప్పులో దూలాలు మాత్రం నకిలీవే, అందులో సిగ్గేమీ లేదు. దేవదారు పలకల అంచులు 45 డిగ్రీలకి కోసి అతికిన డొల్ల పెట్టెలు, 8 బై 10 అంగుళాలు. వైర్లు లోపలే పోతాయి. పచ్చి దూలం పెడితే ఆరుతూ పగుళ్ళిస్తుంది, బరువుకి వేరే లెక్క కావాలి.

వసారా కప్పుకి లేత నీలం వేశాం. హెయింట్ బ్లూ అంటారు. జార్జియా, దక్షిణ కరొలైనా తీరంలో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి వారసులైన గల్లా గీచీ ప్రజలు దయ్యాలు దరిచేరవని ఆ రంగు పూసేవారు. మన గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టినట్టే. రెండూ పెట్టుకున్నాం.

ఉయ్యాలబల్ల కోసం వసారా కప్పు పలకలు మూయకముందే జాయిస్టుల (కప్పుని మోసే చెక్కల) మధ్య రెండు 2 బై 8 అంగుళాల చెక్కలు అడ్డంగా బిగించి, కొక్కేల బోల్టులు వాటి గుండా పైకి పోయి నట్టుతో బిగిసేలా చేయించాం. ఉత్త కప్పు పలకకి స్క్రూ వేస్తే మనిషి బరువుకి ఊడుతుంది. కొక్కేల మధ్య దూరం బల్ల పొడవుకంటే 3 అంగుళాలు ఎక్కువ. ముందూ వెనకా మూడేసి అడుగుల ఖాళీ. నేల నుంచి 18 అంగుళాల ఎత్తు.