పడకగదికి గోడ నుంచి గోడ దాకా కార్పెట్: నా అనుభవం

మినియాపొలిస్ శివారులో మేము కొనుక్కున్న ఇంట్లో, పై అంతస్తు పడకగదికి పాత కార్పెట్ ఉండేది. ఎన్నిసార్లు శుభ్రం చేయించినా, అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవారి కుక్క వాసన దాన్ని వదల్లేదు. తెనాలి నుంచి అమ్మ వచ్చి ఆరు నెలలు ఆ గదిలోనే ఉంటుందని ఖాయం కాగానే కొత్తది వేయించాలని నిశ్చయించుకున్నాను. అమ్మకు నేల మీద కూర్చుంటేనే సుఖం. మా ఊళ్లో నాపరాళ్ల మీద చాప వేసుకుంటే సరిపోతుంది గానీ, బయట మైనస్ 20 డిగ్రీలుండే జనవరిలో ఇక్కడ అది కుదరదు.

గది వెడల్పు 14 అడుగులు, పొడవు 16 అడుగులు. అంటే 224 చదరపు అడుగులు. దుకాణం వారి కొటేషన్‌లో మాత్రం 297 అని ఉంది. అనుమానంతో అడిగితే, కొలతలు తీసుకున్న పెద్దమనిషి కాగితం మీద గీసి చూపించారు. ఇక్కడ కార్పెట్ చుట్ట సాధారణంగా 12 అడుగుల వెడల్పుతో వస్తుంది కనుక, మిగిలిన 2 అడుగుల మేర విడి ముక్కలు అతకాలి. ఆ ముక్కల నూగు, అంటే కార్పెట్ పైన లేచి ఉండే పోగులు, పెద్ద ముక్క నూగు వాలిన వైపుకే వాలాలి. లేకపోతే ఒకే చుట్టలోంచి కోసినా రంగు తేడాగా కనబడుతుంది. అందుకే ఆ ముక్కల కోసం చుట్టలోంచి అదనంగా కోయాలి, అందులో కొంత మిగిలిపోతుంది. అడ్డంగా పరిస్తే కార్పెట్ తక్కువ పట్టేదే, కానీ అతుకు గోడకు 4 అడుగుల దూరంలో, రోజూ నడిచే దారిలో పడేది. నిలువుగా పరిస్తే అది మంచం కిందికి పోతుంది, కిటికీ వెలుగు వచ్చే దిశలోనే సాగుతుంది కనుక అతుకు నీడ కూడా తేలదు. ఆ అదనపు సొమ్ము నేను సంతోషంగానే చెల్లించాను. ధర మాట్లాడే ముందే అతుకులు ఎక్కడ వస్తాయో గీయించుకుని చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

కార్పెట్ కింద పరిచే మెత్తని పొర, అదే ప్యాడింగ్, విషయంలో నేనే పొరబడబోయాను. నొక్కితే వేలు లోపలికి దిగిపోయేంత మెత్తనిదైతే అమ్మ మోకాళ్లకు హాయిగా ఉంటుందనుకున్నాను. కానీ అటువంటి దాని మీద అడుగు పడ్డప్పుడల్లా కార్పెట్ వెనుక పొర వంగి, కొన్నాళ్లకు అతుకులు విడిపోతాయి. చివరికి 7/16 అంగుళం మందం, ఘనపుటడుగుకు 8 పౌండ్ల సాంద్రత ఉన్నది తీసుకున్నాము.

పాతది పీకే పని నేనే చేశాను. కార్పెట్‌ను పట్టీలుగా కోసి చుట్టేయడానికి గంట పట్టింది గానీ, దాని కింద ప్యాడింగ్‌ను పట్టి ఉంచిన స్టేపుల్ పిన్నులను ఒక్కొక్కటే ఊడదీయడానికి సగం రోజు పట్టింది. ప్లైవుడ్ మీద మరకలున్న చోట వాసనను ఆపే షెల్లాక్ ప్రైమర్ పూశాను. అడుగు వేస్తే కిర్రుమనే చోట్లు వెతికి, కింది దూలాల్లోకి స్క్రూలు బిగించాను. నేల బయటపడి ఉన్న ఆ ఒక్కరోజు దాటితే ఈ పనులకు మళ్లీ వీలు చిక్కదు.

పనివారు వచ్చిన ఉదయం విపరీతమైన చలి. కార్పెట్‌ను ఒక రోజు ముందే ఇంట్లోకి చేర్చి, గది వెచ్చదనానికి అలవాటు పడనివ్వాలని నాకు అప్పటికి తెలియదు. వారు దాన్ని ట్రక్కులోంచి దింపి, కర్రలా బిగుసుకుపోయి ఉండగానే పరిచారు. కార్పెట్ అంచును పట్టి ఉంచే సన్నని మేకుల చెక్క పట్టీలను (ట్యాక్ స్ట్రిప్‌లు) గోడల వెంట, మేకులు గోడవైపు వాలేలా కొట్టడం, వేడి ఇస్త్రీతో అతుకు టేపు కరిగించి రెండు అంచులను కలపడం ఎంతో నేర్పుగా చేశారు. అయితే లాగి బిగించడానికి మోకాలితో పొడిచే ‘నీ-కిక్కర్’ (knee kicker) అనే పనిముట్టు ఒక్కటే వాడారు. ఒక గోడకు ఆనించి ఎదుటి గోడ వైపు సాగదీసే పవర్ స్ట్రెచర్‌ను బండి నుంచి దింపనే లేదు. అమ్మ మరునాడే వస్తోందన్న తొందరలో నేను అడగలేదు.

జూలైలో ఉక్క మొదలయ్యాక గది మధ్యలో రెండు ముడతలు లేచాయి. ఒకరోజు అమ్మ కాలు ఆ ముడతకు తట్టుకుని ఆమె గోడ పట్టుకుని నిలదొక్కుకోవడం చూసినప్పుడు నా గుండె ఝల్లుమంది. దుకాణానికి ఫోన్ చేస్తే వాతావరణం వల్ల అలాగే అవుతుందన్నారు. ఫొటోలు పంపి, బిగింపు లోపానికి రాసిచ్చిన ఏడాది హామీని గుర్తు చేసిన తరువాతే వేరే పనివారిని పంపారు. ఈసారి వారు కార్పెట్ అంచులను మేకుల నుంచి విడిపించి, పవర్ స్ట్రెచర్‌తో పొడవునా, ఆ తరువాత అడ్డంగా సాగదీశారు. పొడవు వైపున గోడ దగ్గర దాదాపు రెండు అంగుళాలు మిగిలితే కత్తిరించారు. అంత వదులు ఆరు నెలలుగా మా కాళ్ల కిందే ఉందన్నమాట.

పని అంతా గంటన్నరలో ముగిసింది. కోతల్లో మిగిలిన పెద్ద ముక్కను, ఎప్పుడైనా మరక పడితే అదే రంగుతో అతికించడానికి, అల్మారాలో దాచాను. అమ్మ ఆ సాయంత్రం చెప్పులు విడిచి గది ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచి చూసుకుని, కిటికీ పక్కన కింద కూర్చుంది.