లెవీ పోయిన తరువాత

నా ఉద్యోగమేమిటని మా ఊళ్లో ఎవరైనా అడిగితే సూటిగా చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. పంట అమ్మకాల మీద ఉన్న ఆంక్షలు ఎత్తివేయమని నివేదికలు రాయడం, సచివాలయంలో కార్యదర్శుల గదుల ముందు గంటల తరబడి కూర్చోవడం, చివరికి ఏదో ఒక జీవోలో ఒక్క వాక్యం మారితే సంబరపడడం, పాతికేళ్లు నేను చేసినది ఇదే. మా నాన్నగారు దీన్ని అర్జీలు రాసే పని అనేవారు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయానికి తీర్మానం చేయడం, దాన్ని వ్యతిరేకించిన రైతు నాయకుడు ఎన్.జి. రంగా రాజాజీతో కలిసి, ప్రభుత్వ ఆంక్షలు వద్దనే స్వతంత్ర పార్టీ పెట్టడం ఆయన కథలాగా చెప్పేవారు గనుక, నాకీ పిచ్చి అంటడంలో ఆయన పాలు కూడా ఉంది.

నేను ఎక్కువ కాలం పోరాడినది బియ్యం లెవీ మీద. మిల్లరు ఆడించిన బియ్యంలో మన రాష్ట్రంలో చాలాకాలం నూటికి 75 పాళ్లు ప్రభుత్వం నిర్ణయించిన ధరకు అప్పగించాలి, మిగిలిన పాతిక పాళ్లే బయట అమ్ముకోవాలి. లెవీలో తగ్గిన రాబడిని మిల్లరు తన జేబులోంచి పెట్టుకోడు, ధాన్యం కొనేటప్పుడు రైతు దగ్గరే రాబట్టుకుంటాడన్నది మా వాదన. దానికి తోడు 2008 నుంచి 2011 వరకు బాస్మతేతర బియ్యం ఎగుమతిపై నిషేధం. గోదాములు నిండిపోయి, కూలి ఖర్చు పెరిగి, మురుగు కాలువలు పూడిపోయి, 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, మేము కాగితాల మీద చెప్పినదాన్ని వాళ్లు బీడు పెట్టిన చేలతో చెప్పారు. లెవీని 2014లో 25 శాతానికి తగ్గించి, 2015 అక్టోబరు నుంచి పూర్తిగా ఎత్తేశారు. ఆ రోజు నేను మిఠాయి పంచాను.

అయితే జరిగినది మేము ఊహించినది కాదు. లెవీ పోయాక ప్రభుత్వమే కొనుగోలు కేంద్రాలు పెట్టి రైతు దగ్గర ధాన్యం కొని, మిల్లులకు మరపట్టడానికి ఇవ్వడం పెరిగింది. బజారును విడిపించామనుకున్నవాళ్లం, అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారును కళ్లంలోకి తెచ్చి కూర్చోబెట్టాము.

మొన్నటి సార్వా కోతలకు ఊరు వెళ్లాను. మా చేను మాట మీద కౌలుకు చేసే పెద్దాయన రోడ్డు వారన వడ్లు ఆరబోసి, మబ్బు వైపు చూస్తూ, కాళ్లతో చాళ్లు తీస్తున్నాడు. తేమ యంత్రంలో గుప్పెడు గింజలు పోస్తే 19 శాతం చూపించింది. కొనుగోలు కేంద్రంలో 17 దాటకూడదు. సాయంత్రానికి చినుకు పడేలా ఉంది, పరదాలు చాలవు. దళారీ వచ్చి, 75 కిలోల బస్తాకు తరుగు ఇంతని చెప్పి, లారీ పెట్టాడు. రైతు తనకిష్టమైనవాడికి అమ్ముకోవచ్చునని నేను ఎన్ని నివేదికల్లో రాశానో లెక్కలేదు. వారం రోజులు ఆగి అమ్ముకునే చోటు అతనికి ఉందా అని మాత్రం ఒక్కదానిలోనూ అడగలేదు.

"మీరు ఉండి అమ్ముకోగలరండీ అబ్బాయిగారూ, నా పేరు ఏ కాగితంలో ఉందండీ?" అన్నాడాయన, నిష్ఠూరం లేకుండానే.

నిజమే. సాగుదారుగా గుర్తించే కౌలు కార్డు లేనివాడికి కొనుగోలు కేంద్రంలో అమ్మడమూ కష్టమే, బ్యాంకులో పంట రుణం అడగడమూ కష్టమే. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి వీలు కల్పించింది కానీ, దాని మీద భూయజమాని సంతకం కావాలి. ఇచ్చిపుచ్చుకోవడమంతా స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఉండాలని ఊరూరా చెప్పుకు తిరిగిన నేను, మా సొంత చేనుకు ఇన్నేళ్లలో ఒక్క కాగితమూ రాయించలేదు. పొలం ఉమ్మడిది, కాగితం రాస్తే రేపు చేను వదలడేమోనని అన్నయ్య భయం. ఆ భయానికి ఆధారం లేదని చట్టం చదివి వినిపించాను.

ఒప్పంద పత్రం తెచ్చి నా సంతకం పెట్టాను. అన్నయ్య సంతకం ఇంకా కావాలి.