ఒక్క క్యాథోడ్ పదార్థంతో పార్ట్-సి చదివిన తీరు

సీఎస్‌ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్ పరీక్షలో నాకు జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవారికి ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిందని తెలిసినప్పటి నుంచి అనంతపురంలో నాతో చదువుకున్నవారూ జూనియర్లూ అడుగుతున్నది ఒక్కటే: పార్ట్-సి ఎలా గట్టెక్కావు అని. పార్ట్-ఎ, పార్ట్-బి గురించి నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. పాత ప్రశ్నపత్రాలను గడియారం ముందు పెట్టుకుని చేస్తే చాలు. చిక్కంతా 60 ప్రశ్నల్లో 25 రాయవలసిన చోటే ఉంది. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత కాబట్టి అరకొరగా తెలిసిన ప్రశ్నను వదిలేయడమే లాభం.

కిందటిసారి నాకు ర్యాంకు అందకుండా చేసింది ఇనార్గానిక్ కెమిస్ట్రీ. క్రిస్టల్ ఫీల్డ్ (లోహపు డి కక్ష్యలు వేర్వేరు శక్తుల్లోకి చీలడం), స్పైనెల్ నిర్మాణాలు (ఒక రకం ఆక్సైడ్ స్ఫటిక అమరిక), జాన్-టెల్లర్ వికృతి (ఎలక్ట్రాన్ల అసమాన అమరిక వల్ల ఆకృతి సాగిపోవడం), ఫ్రాస్ట్ డయాగ్రమ్ (ఏ ఆక్సీకరణ స్థితి ఎంత స్థిరమో చూపే గీత) దేనికదే బాగానే వచ్చు. రెండింటిని కలిపి అడిగితే మాత్రం చేయి ఆగిపోయేది. బ్యాటరీ పదార్థాల మీద పరిశోధన చేయాలన్న కోరిక ముందు నుంచీ ఉండడంతో, ఈసారి లిథియం మాంగనీస్ ఆక్సైడ్ (LiMn₂O₄) అనే ఒక్క క్యాథోడ్‌ను, అంటే బ్యాటరీ ధన ధ్రువ పదార్థాన్ని తీసుకుని సిలబస్ మొత్తాన్ని దాని మీద ప్రయోగించి చూశాను.

ఇందులో రెండు మాంగనీస్ పరమాణువులకు కలిపి +7, అంటే సగటు ఆక్సీకరణ స్థితి +3.5. స్పైనెల్‌లో లిథియం టెట్రాహెడ్రల్ (చుట్టూ నాలుగు ఆక్సిజన్లున్న) స్థానాల్లోనూ మాంగనీస్ ఆక్టాహెడ్రల్ (చుట్టూ ఆరు ఆక్సిజన్లున్న) స్థానాల్లోనూ కూర్చుంటాయి. మాంగనీస్(IV)కు డి3, అంటే మూడు డి ఎలక్ట్రాన్లే కనుక ఇబ్బంది లేదు. హైస్పిన్ డి4 అయిన మాంగనీస్(III)లో ఎక్కువ శక్తి గల eg కక్ష్యల్లో ఒంటరి ఎలక్ట్రాన్ ఉండడం వల్ల జాన్-టెల్లర్ వికృతి తప్పదు. బ్యాటరీని మరీ లోతుగా డిశ్చార్జ్ చేసి ఇంకొంత లిథియం చొప్పిస్తే మాంగనీస్(III) పెరిగి, క్యూబిక్ స్ఫటికం టెట్రాగోనల్‌గా మారుతుంది, కణాలు పగుళ్లిస్తాయి. ఫ్రాస్ట్ డయాగ్రమ్‌లో +2, +4 బిందువులను కలిపే గీతకు +3 బిందువు పైన ఉంటుంది కదా, ఎలక్ట్రోలైట్‌లో కాస్త ఆమ్లం చేరితే చాలు, మాంగనీస్(III) డిస్‌ప్రపోర్షనేట్ అయి, అంటే మాంగనీస్(II), మాంగనీస్(IV)గా విడిపోయి, వాటిలో మాంగనీస్(II) కరిగిపోతుంది. బ్యాటరీ సామర్థ్యం ఎందుకు తరుగుతుందన్న ఒక్క ప్రశ్నకు నాలుగు చాప్టర్లు వచ్చి జవాబు చెప్పిన ఆ సాయంత్రం నుంచి నాకు పార్ట్-సి భయం పోయింది.

ఫిజికల్ కెమిస్ట్రీ కూడా అలాగే. ఫారడే స్థిరాంకం (ఒక మోలు ఎలక్ట్రాన్ల ఆవేశం) 96,485 కూలంబులను 3.6తో (ఒక మిల్లీ ఆంపియర్ గంటకు 3.6 కూలంబులు) భాగిస్తే మోలుకు సుమారు 26,801 మిల్లీ ఆంపియర్ గంటలు. దానిని మరో క్యాథోడ్ పదార్థమైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అణుభారం 157.76తో భాగిస్తే దాని సామర్థ్యం గ్రాముకు సుమారు 170 మిల్లీ ఆంపియర్ గంటలు. ఇలా చేతితో నాలుగు పదార్థాలకు లెక్క కట్టినవారు ఎలక్ట్రోకెమిస్ట్రీ సూత్రాలను బట్టీ పట్టనక్కరలేదు. ఆర్గానిక్ మాత్రం అందరిలాగే చదివాను.

ఎమ్మెస్సీ అయ్యాక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం వస్తే కాదన్నందుకు మా బంధువులు నన్ను తెలివితక్కువవాడి కింద కట్టారు. తొలి రెండేళ్లు నెలకు 37,000, ఆ తరువాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42,000 ఫెలోషిప్ వస్తుందని చెబితే ఇప్పుడు కాస్త మెత్తబడ్డారు. కానీ నేను డబ్బు లెక్కతో ఈ దారి పట్టలేదు. మన సీమలో గని, శకునాల పరిసరాల్లోనే 1,000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. పొద్దు గుంకాక ఆ పలకలు ఏమీ ఇవ్వవు గనుక, పగటి కరెంటును దాచిపెట్టే పదార్థాలపై పని చేయడం ఏ ఉద్యోగానికీ తీసిపోదు. రోజూ ఉదయం నాలుగు గంటలకు లేవలేనివారు, ఫోను పక్కన పడేయలేనివారు ఈ మాటను ఆదర్శవాదం అని కొట్టిపారేస్తారు, వారితో నాకు వాదన లేదు.

ఇప్పుడు తమిళనాడు కారైకుడిలోని సీఎస్‌ఐఆర్ ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థకు దరఖాస్తు పెడుతున్నాను. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు వెళ్లేవారు లిథియం అయాన్ బ్యాటరీలకు 2019 కెమిస్ట్రీ నోబెల్ పొందిన ముగ్గురి పేర్లు చెప్పి ఊరుకోవద్దు. మదురైలో ఎమ్మెస్సీ, మద్రాస్ ఐఐటీలో పీహెచ్‌డీ చేసిన అరుముగం మంథిరం ఆ ముగ్గురిలో ఒకరైన గుడినఫ్‌తో కలిసి చేసిన పాలీఆనయాన్ (సల్ఫేట్, ఫాస్ఫేట్ వంటి బహుపరమాణుక రుణ అయాన్లు) పని చదవండి. ఫాస్ఫేట్‌లోని బలమైన ఫాస్ఫరస్-ఆక్సిజన్ బంధం ఇనుము-ఆక్సిజన్ బంధపు కోవాలెన్సీని తగ్గించి వోల్టేజిని దాదాపు 3.4 వోల్టులకు ఎలా లేపుతుందో బోర్డు మీద గీసి చూపించేలా సాధన చేసుకోండి.