ప్రీఆంప్ సప్లై మార్చాక బేస్ గురించి

ప్రీఆంప్ (పవర్ ఆంప్‌కి ముందు చిన్న సిగ్నల్‌ని పెంచే భాగం) లాగేదే కొద్ది మిల్లీఆంప్స్ కరెంటు, దాని పవర్ సప్లైకీ బేస్‌కీ, అంటే లోతైన స్వరాలకీ ఏం సంబంధం అనేవాళ్ళు ఒక్కసారి సప్లైలో ఛార్జ్ నిల్వ చేసే కెపాసిటర్ లెక్క చూడండి, 40 హెర్ట్జ్ దగ్గర 100 మైక్రోఫారడ్ అంటే దాదాపు 40 ఓమ్స్ అడ్డు, 1000 అయితే 4 ఓమ్సే. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఆ అడ్డు పెరుగుతుంది కాబట్టి సిగ్నల్‌తో పాటు సప్లై వోల్టేజీ కూడా ఊగుతుంది, సిగ్నల్‌ని వరసగా పెంచే స్టేజీలన్నీ ఒకే సప్లై మీదుంటే ఆ ఊపు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. ట్యూబ్ ప్రీఆంపుల్లో ఇది ముదిరితే పాటేమీ లేకపోయినా స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ కదుల్తూనే ఉంటుంది, కళ్ళారా చూశా. నా దాంట్లో ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు తీసేసి, వోల్టేజీని నిలకడగా ఉంచే మంచి రెగ్యులేటర్ పెట్టించాక బేస్ ఎక్కువైందని మాత్రం చెప్పను, డబుల్ బేస్ తీగ మీటినప్పుడు టక్కున మొదలై ఆగాల్సిన చోట ఆగుతోంది, నాకు కావాల్సింది అదే.